కుజుడి మీద సున్నం గీత

డ్రాయింగ్ మాస్టారి సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఫొటోకి దండ వేశారు. ఆయన దగ్గర మామిడిపండు బొమ్మ కూడా సరిగ్గా నేర్చుకోనివాళ్లు లేచి, మాస్టారు మహా కళాకారుడని చెప్పి కూర్చున్నారు. ఆయనతో ఒకే హైస్కూల్లో సర్వీసంతా చేసినవాణ్ణి, వరసకి బావని, వెనక వరసలో విరిగిన కుర్చీ పక్కన కూర్చున్నాను. సభ నడిపిన కుర్రాడు ఒకసారి నా వైపు చూశాడు. చూసి, టీలు వచ్చాయని ప్రకటించాడు.

అందుకని రాస్తున్నాను. మైకు ఇచ్చి ఉంటే అయిదు నిమిషాల్లో వదిలిపోయేది.

మాది నరసన్నపేటకి దగ్గర్లో ఉన్న ఊరు. డ్రాయింగ్ మాస్టారి ముఖం కంటే వీపు ఎక్కువమందికి గుర్తుంటుంది మా ఊళ్లో. దానికి కారణం ఉంది. ఏటా ఎండాకాలంలో మా అమ్మవారి సంబరం జరుగుతుంది. ఘటానికి ఇత్తడి ముఖం కట్టి, ఒక మనిషి నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. ముందు డప్పులు. గుమ్మాల దగ్గర ఆడవాళ్లు ముర్రాట పట్టుకుని నిలబడతారు. ముర్రాట అంటే ముంతలో పసుపునీళ్లు పోసి వేపరెమ్మ వేసింది. ఘటం వచ్చి ఆగగానే ఆ నీళ్లు ఎత్తినవాడి కాళ్ల మీద పోసి దణ్ణం పెట్టుకుంటారు. అయితే ఘటం ఏ వీధిన వెళ్లాలి, ఎక్కడ తిరగాలి అన్నది ఎవరూ చెప్పరు. ముందురోజు పొద్దున్నే నేల మీద సున్నం గీత పడుతుంది. గీత ఎటు పోతే ఘటం అటు పోతుంది. ఆ గీత గీసే హక్కు మాస్టారి ఇంటివాళ్లది. తాత గీశాడు, తండ్రి గీశాడు, ఆ తరవాత ఈయన.

గీసే పద్ధతి ఒకటుంది. గుడివైపు ముఖం పెట్టి వెనక్కి నడవాలి. అమ్మవారికి వీపు చూపించకూడదు కనక. ఎడమ చంకలో గంప, కుడిచేత్తో సున్నప్పొడి, నడుము వంచి, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ ఊరంతా గీసేవాడు. తల తిప్పి చూసేవాడు కాదు. "రాయుందేటి?" అని అరిచేవాడు. ఉంటే ఎవరో ఒకరు ఉందనేవారు. ఆయన ఆ రాయిని చూడకుండానే గీతని దాని చుట్టూ వంచి మళ్లీ దారిలోకి తెచ్చేవాడు. ఆ వంపు అందంగా ఉండేదని ఒప్పుకుంటాను. ఒప్పుకోవడానికి నాకేం కష్టం లేదు.

నా కష్టం ఏమిటంటే, ఆ గీత మా సందులోకి ఏనాడూ రాలేదు. మా సందు మూసుకుపోయిన సందు. చివర మా ఇల్లు. దాని తరవాత దారి లేదు. అమ్మవారు వచ్చిన దారిన వెనక్కి తిరగదని ఆచారం. అందుకని సందులోవాళ్లందరం ముంతలు పట్టుకుని మూల మీదకి నడిచి వెళ్లాలి. వేరే వీధివాళ్లు వాళ్ల గుమ్మాల్లో దర్జాగా నిలబడతారు. మేము మాత్రం ఎవరి గోడ పక్కనో నిలబడి, ఆ ఇంటి కోడలు, "కూసింత జరగండి, నీల్లు మా అరుగు మీద పడతన్నాయి" అంటే జరగాలి.

బళ్లో ఆయన నాకు చేసినవి వేరే ఉన్నాయి. నా పీరియడ్‌కి ముందు ఆయన పీరియడ్ ఉండేది. బోర్డు నిండా నెమలి వేసి, చెరపకుండా వెళ్లిపోయేవాడు. నేను న్యూటన్ సూత్రాలు చెప్పాలంటే ముందు నెమలిని చెరపాలి. చెరిపితే పిల్లలు "అయ్యో" అనేవారు. నేను ఏదో పాపం చేసినట్టు. ఒకసారి కుజగ్రహం మీద ఏదో యంత్రం దిగిందని పేపర్లో వస్తే, ప్రార్థన సమయంలో పిల్లలకి దాని గురించి చెప్పమని హెడ్మాస్టరు పిలిచింది డ్రాయింగ్ మాస్టారిని. బళ్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి నేను. "ఆయనైతే బొమ్మ గీసి చెప్తాడు కదండీ" అన్నారు. ఆ మాట అన్నాయన రిటైరై వెళ్లిపోయాడు. మాట నా దగ్గరే ఉండిపోయింది.

మేమిద్దరం కూడా రిటైరయ్యాం. రెండువేల పన్నెండు వేసవి దాటాక, కుజుడి మీదకి ఇంకో బండి దిగబోతోందని పేపర్లో రాయడం మొదలుపెట్టారు. అంతకుముందు దిగిన వాటికంటే పెద్దది. ఎక్కడ దిగుతుందో ముందే బొమ్మ వేశారు. పెద్ద గుండ్రటి గొయ్యి, గోతి మధ్యలో కొండ, కొండకి ఉత్తరాన చదును నేల మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత. ఆ గుడ్డులో ఎక్కడో ఒకచోట తాళ్లతో దింపుతారట. అక్కణ్ణించి బండి నడుచుకుంటూ కొండ దగ్గరికి వెళ్లి, రాళ్ల పొరలు చూడాలి. చక్కగా, శాస్త్రీయంగా రాశారు. నేను రెండుసార్లు చదివి దాచుకున్నాను.

మర్నాడు పొద్దున అటుగా వెళ్తుంటే డ్రాయింగ్ మాస్టారు కళ్లంలో వంగుని వెనక్కి నడుస్తున్నాడు. పేడతో అలికిన కళ్లం. దాని నిండా సున్నంతో పెద్ద చక్రం, మధ్యలో వరిపొట్టు కుప్ప, కుప్పకి ఉత్తరాన గుడ్డు. చుట్టూ నలుగురైదుగురు చేరారు. భావనపాడు వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ తట్ట దించి చూస్తోంది.

"ఎవులింట్లో పెల్లి బాబూ? ఇంత ముగ్గేసినారు?" అంది.

"పెల్లి కాదే. కుజుడు. దీని మీద బండి దిగుతాది" అన్నాడు మాస్టారు, గడ్డంతో చక్రాన్ని చూపిస్తూ. వేలుతో ఏదీ చూపించేవాడు కాదు, అన్నీ గడ్డంతోనే.

"కుజుడేటి? ఓలమ్మ! మా పిల్లకి ఆడి దోసమే కదా. సమ్మందాలు కుదర్నేదు. బాబూ, ఆ బండోలికి సెప్పండి, ఆడిని కూసింత పక్కకి నెట్టీమని."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గీతలో నాకు తప్పు కనిపించింది. గుడ్డు మధ్యలోంచి బయలుదేరిన గీత కొండ వైపు వెళ్లకుండా తూర్పుకి తిరిగి ఉంది.

"బావా, బండి కొండకి ఎల్లాల. పేపర్లో రాసారు. కొండ దచ్చిణాన్ని ఉన్నాది. గీత తూరుపుకి గీసావేటి?" అన్నాను.

"తిన్నగా ఎలగెల్తాది బావా? కొండ ఎదురుగున్నప్పుడు ముందు కుడిసేతి కేసుకోవాల. అప్పుడు సుట్టూ తిరగాల. ఉత్తరాన్ని నిలబడితే కుడిసేతికి కొండ రావాలంటే మొకం ఎటుండాల? తూరుపుకే కదా."

"అది మిషను. దానికి ప్రదచ్చిణాలేటి?"

"మిషనికి నేకపోతే పంపించినోలికి ఉంతాది."

"ఆలు మనోలు కాదు. ఆలకి ఇలాటివి ఉండవు."

"కొండెదురుగుంతే ఎవులైనా మనోలే" అని మళ్లీ నడుము వంచాడు. "బాటంటే దగ్గర దారి కాదు బావా. నీకు సైన్సులో సెప్పనేదేటి?"

ఆ ఆఖరి మాటకి మాత్రం చేపలావిడ కూడా నవ్వింది.

బండి దిగిన రోజు సోమవారం. పొద్దున పదకొండు ప్రాంతంలో టీవీలో చూపించారు. మా ఇంట్లో టీవీ ఉంది. మాస్టారి ఇంట్లో టీవీ కంటే పెద్దది. అయినా ఊళ్లో ఉత్సాహం ఉన్నవాళ్లంతా ఆయనింటికే వెళ్లారు. నేను మా ఇంట్లో మా అమ్మతో కలిసి చూశాను. పొగ, దుమ్ము, ఆ తరవాత నీలం చొక్కాలవాళ్లు కౌగిలించుకుని ఏడవడం. "ఎవులు పోనార్రా?" అని అడిగింది మా అమ్మ. "ఎవులూ పోనేదు. బండి సేరింది" అన్నాను. "సేరితే ఏడుపెందుకూ?" అని అడ్డచుట్ట నోట్లో పెట్టుకుంది. మా అమ్మ చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చేది. ఆ తరం ఆడవాళ్లందరూ అంతే.

నాకు ఆ రోజు సంతోషంగానే ఉంది. బండి ఉత్తరాన దిగింది. ఇక దక్షిణానికి నడవాలి.

తరవాత వచ్చిన వార్త నేనెప్పటికీ మర్చిపోను. బండిని ముందు తూర్పుకి నడిపిస్తారట. అటు పల్లంగా ఉందట. మూడు రకాల నేలలు ఒకచోట కలుస్తున్నాయట. అది చూసుకుని ఆ తరవాత కొండకి వెళ్తారట. మాస్టారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని మా సందులోకి వచ్చాడు. అమ్మవారి పని మీద ఏనాడూ రానివాడు, ఆ పని మీద వచ్చాడు.

"బావా, బయటికి రా. నీ కుడిసెయ్యి ఏదో ఓపాలి సూపించు."

"నేలలు కలుస్తన్నాయని ఎల్తన్నారు. ప్రదచ్చిణానికి కాదు" అన్నాను.

"తూరుపుకి ఎల్తందా నేదా?"

"ఎల్తంది. కారణం వేరు."

"కారణం నాకెందుకూ? నాను గీత గీసేవోణ్ణి."

జవాబు ఒప్పు, లెక్క తప్పు. నా పేపర్లో అయితే సున్నా వేసేవాణ్ణి. ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పాను. సందులోవాళ్లు విన్నారు. అయినా మర్నాటి నుంచి పాలకేంద్రం దగ్గర "సైన్సు మాస్టారికి సైన్సు తప్పిందట" అన్న మాటే తిరిగింది. లెక్క తప్పిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ వానల్లోనే మా అమ్మ పెరట్లో జారి పడింది. తుంటి విరిగింది. శ్రీకాకుళం తీసుకెళ్లి చూపించాం. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. అప్పటి నుంచి మంచమే. హాల్లో కిటికీ పక్కన వేశాం. మనిషిని కొంచెం పక్కకి జరపాలన్నా ఇద్దరం పట్టాలి, ఆవిడ పళ్లు బిగబట్టాలి.

వేసవి వచ్చేసరికి మా అమ్మకి ఒకటే కోరిక పట్టుకుంది. అమ్మవారికి ముర్రాట పోయాలి. ఏటా మూల దాకా నడిచి పోసిన మనిషి. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్తాం అన్నాను.

"పాడె మీద ఎల్తాను గాని కుర్సీ మీద ఎల్నురా. ఊరంతా సూత్తంతే మోయించుకుంటానేటి? ఆయమ్మనే ఓపాలి ఇటు రమ్మను. ఈ గుమ్మంలో కాపరానికొచ్చిన కాడ్నించి నానే ఎల్తన్నాను కదా. ఓపాలి ఆయమ్మ వొస్తే ఏటైపోద్ది?"

నేను ఎవర్నీ ఏదీ అడిగే మనిషిని కాను. అయినా మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన గంపకి పేడ అలుకుతున్నాడు. తల ఎత్తలేదు.

"సందు సివర దారి నేదు కదా బావా."

"నేదు. గుమ్మం దాకా వొచ్చి ఎనక్కి ఎల్తాది. ఒక్క సందు. ఒక్క ఏడు."

"అమ్మ ఎనక్కి తిరగదు."

"తిరిగితే ఏటవుద్ది?"

"ఏటవుద్దో సూసినోలు నేరు. సూడాలని నాకూ నేదు."

"నీ బండికైతే దారి తప్పించి తూరుపుకి గీసావు. మా యమ్మకి మాత్రం..."

"సూద్దాం" అన్నాడు. ఆయన సూద్దాం అంటే లేదని అర్థం. బళ్లో పిల్లలకి కూడా తెలుసు.

ఆ ఏడు డప్పులు మూల దాకా వచ్చి, ఆగి, అటే వెళ్లిపోయాయి. మా అమ్మ ముంత ఒళ్లో పెట్టుకుని, చప్పుడు వినపడనంత దూరం వెళ్లేదాకా పట్టుకుని ఉంది. నీళ్లు ఏం చేయమంటావని అడిగాను. "గేదికి తాగించీ" అని గోడ వైపు తల తిప్పుకుంది.

నేను మాస్టారితో మాట్లాడటం మానేశాను. ఆయన గమనించినట్టు లేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

మాటలు మళ్లీ కలపాల్సి వచ్చింది కూడా ఆ బండి వల్లే. వానలు మొదలయ్యాక ఒకరోజు పేపర్లో చిన్న వార్త ఉంది. తూర్పు పల్లంలో పని అయిపోయిందట. బండిని వెనక్కి తిప్పి, నైరుతిగా, కొండ వైపు నడిపిస్తున్నారట. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. పేపరు పట్టుకుని వెళ్లాను. ఆయన అరుగు మీద గోగునార తాడు పేనుతున్నాడు.

"సూడు. నీ బండి ఎనక్కి తిరిగింది. కొండని ఎడంసేతికి ఒదిలీసి అపసవ్యంగా ఎల్తంది."

తాడు తొడ కింద నొక్కిపెట్టి మొత్తం చదివాడు. ఆయన చదవడం కూడా గీత గీసినట్టే, పెదాలు కదుపుతూ, మాట మాట దగ్గరా ఆగి.

"పల్లంలో ఎప్పుడో నీల్లున్నాయట కదా బావా" అన్నాడు.

"ఉన్నాయి. నానడిగింది అది కాదు."

"తాగడానికి పనికొచ్చే నీల్లేనట. మట్టి తవ్వి సూసినారట. తిన్నగా కొండకి ఎల్లిపోతే ఈ మట్టిని సూసినోడెవుడు?"

"బావా! ఎనక్కి తిరిగింది అంతన్నాను. ఎల్లిన సోటునించి ఎనక్కి! ఏటయింది? ఏటీ అవనేదు. మా సందులోకి రమ్మంటేనే నీకు ఆచారాలు గుర్తుకొస్తాయి."

ఆయన తాడు మళ్లీ అందుకున్నాడు. కాసేపు పేనాడు.

"అది బండి బావా. దానికి ముందూ ఎనకా ఒకటే. అమ్మకి మొకం ఉన్నాది. మీ గుమ్మం కాడికొచ్చి ఎనక్కి తిరిగిందనుకో. ఏటి సూపిస్తాది? ఈపు. ఎవులికి సూపిస్తాది? మంచం మీదున్న అత్తకి. ఆ గీత నా సేత్తో గియ్యమంటావేటి?"

ఇన్నాళ్లూ నేను అనుకున్న కారణాల్లో ఇది లేదు. ఆ మాట అడిగిన రోజే చెప్పొచ్చు కదా అన్నది నా వాదన. ఇప్పటికీ అదే నా వాదన. అప్పుడు మాత్రం పేపరు మడిచి లేచాను.

"పేపరుంచు బావా" అన్నాడు.

"కొనుక్కో" అన్నాను.

మరుసటి ఏడు సంబరం. ముందురోజు పొద్దున నేను హాల్లో పీట మీద కూర్చుని చల్ది తింటున్నాను. మా ఆవిడ పెరట్లో ఉంది. వీధి గుమ్మంలో వెలుగు తగ్గింది. చూస్తే ఒక మనిషి వీపు లోపలికి వస్తోంది. పంచె ఎగ్గట్టి, నడుము వంచి, చంకలో గంపతో, మా గడప మీద మడమ తడుముకుంటూ. ముందు వీపు వచ్చింది. దాని వెనక కాళ్లు, వాటి వెనక తెల్లటి గీత.

"ఏటిది? బావా! ఇది నా ఇల్లు!" అన్నాను, నోట్లో ముద్దతోనే.

"తెలుసు. కాలు తీయి బావా, గీత తొక్కుతావు."

"అడగవేటి?"

"అడిగితే నువ్వు ఆలోసిస్తావు" అని ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఎర్ర గచ్చు. మా ఆవిడ ఏటా సంక్రాంతికి ముందు మెరుగు పెట్టించే గచ్చు. దాని మీద సున్నం పడుతోంది. వీధిలో సంబరం కమిటీ పెద్దలు ఇద్దరు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాలేక, వెళ్లలేక గొణుగుతున్నారు. "ఘటం ఇంట్లోంచి ఎల్డమేటి మాస్టారూ? ఎప్పుడైనా ఉన్నాదా?"

"ఇల్లెక్కడుంది?" అన్నాడు మాస్టారు తల ఎత్తకుండా. "ఇది సందే. పైన కప్పుంది, అంతే."

నలుగురిలో నా ఇంటిని సందు అన్నాడు. నేను ముద్ద మింగేలోగానే ఆయన పిర్ర వెళ్లి మంచం కోడుకి తగిలింది.

"రాయుందేటి?" అన్నాడు అలవాటు కొద్దీ.

"రాయి కాదురా, నాను" అంది మా అమ్మ. "ఎవుడ్రా అది, బొమ్మల మాస్టరా?"

"నానే అత్తా. అమ్మ ఇటు నుంచి ఎల్తాది."

మా అమ్మకి కొంచెం సేపు అర్థం కాలేదు. తరవాత అయింది. చేతులతో మంచం పట్టె వెతుక్కుంది. "ఒరే, మంచం అడ్డం కదరా. పట్టండి, నన్ను పక్కకి జరపండి, ఏటి సూత్తన్నారు?"

"నువ్వు కదలకు. నీకు నొప్పి. ఆయమ్మ జరుగుతాది" అన్నాడు. మంచం చుట్టూ గీతని వంచాడు. కాళ్ల వైపు నుంచి తలవైపుకి, ఆవిడ కుడిచెయ్యి అందేంత దగ్గరగా. అక్కణ్ణించి వంటిల్లు, వంటింట్లోంచి పెరడు. పెరట్లో గేదెని విప్పి పక్కన కట్టించాడు. పెరటి చివర తాటాకు కంచె ఉండాలి. లేదు. ముందురోజు సాయంత్రమే ఎవరిచేతో పీకించాడు. కంచె ఉన్న చోటు నుంచి గీత కాలవ గట్టు మీదకి ఎక్కి అవతలి వీధిలో కలిసింది. ఆ కంచె మళ్లీ నేనే కట్టించుకున్నాను. ఆయన ఒక తాటాకైనా పంపలేదు.

మర్నాడు ఘటం వచ్చింది. ఎత్తిన మనిషి మా గుమ్మంలో మోకాళ్లు వంచి, ఇత్తడి ముఖం పైకమ్మికి తగలకుండా, మెల్లగా లోపలికి వచ్చాడు. డప్పులు హాల్లోకి వచ్చేసరికి వంటింట్లో గిన్నెలు మోగాయి. గోడ మీద మా నాన్న ఫొటో పక్కకి ఒరిగింది. మా అమ్మ పొద్దున్నుంచీ ముంత పట్టుకునే ఉంది. మంచం మీంచే చెయ్యి చాపి పోసింది. సగం ఆ మనిషి కాళ్ల మీద పడింది, సగం దుప్పటి మీద పడింది. ఇత్తడి ముఖం ఆవిడకి ఎదురుగా ఉంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండదు. వీధి మూల మీద అందరి భుజాల మీద నుంచి చూడటమే కదా.

"వొచ్చినావా?" అంది. ఇంకేదో అడుగుతుందనుకున్నాను. ఏమీ అడగలేదు. ఘటం ఇంకా ఆగి ఉండటం చూసి, చేత్తో పెరటి వైపు చూపించి, "సాల్లే, ఎల్లు తల్లీ. అవతలోలు నీల్లట్టుకుని నిలబడుంటారు" అంది.

ఘటం ముందుకే నడిచి పెరట్లోంచి వెళ్లిపోయింది. వెనకాల ఊళ్లో సగం మంది నా వంటింట్లోంచి వెళ్లారు. మాస్టారు కూడా వెళ్లాడు. నా పక్క నుంచే వెళ్లాడు. చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ముందు ఆయన మాట్లాడాలి, నా ఇల్లు కనక.

మా అమ్మ ఆ చలికాలం దాటలేదు.

తరవాతి సంబరానికి గీత మా సందు మూల దాకా వచ్చి, పాత దారినే తిరిగిపోయింది. ముందురోజు నేను గచ్చు కడిగించి, గేదెని తప్పించి, గుమ్మంలో కూర్చున్నాను. కంచె కూడా నేనే విప్పాను. ఎవరూ రాలేదు. నేను వెళ్లి అడిగాను.

"ఏటి బావా, మా ఇల్లు ఈ ఏడు సందు కాదేటి?"

"అత్త నేదు కదా" అన్నాడు.

"నానున్నాను."

"నువ్వు నడుస్తావు కదా. కాల్లున్నోలు మూలకి రావాల. నీకోసం అమ్మని ఇంట్లోంచి తిప్పితే రేపు ఊల్లో అందరికీ ఇల్లే సందులైపోతాయి" అని గడ్డంతో మూల వైపు చూపించాడు. "రేపు రా. నాను అక్కడే ఉంతాను."

నేను వెళ్లలేదు. ఆ ఏడు వెళ్లలేదు, ఆ తరవాత కూడా వెళ్లలేదు. మూల మీద ఆయన కాసేపు నిలబడ్డాడని మా ఆవిడ వచ్చి చెప్పేది, ఏటా. ఘటం వెళ్లిపోయాక కూడా ఉన్నాడు, మన సందులోకి చూస్తున్నాడు అని. చూడనీ అన్నాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. మొన్న ఆయన పోయాడు. పొద్దున్న అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. సంతాప సభ అయిన కొద్దిరోజులకి పేపర్లో మళ్లీ కుజుడి బొమ్మ వచ్చింది. ఇంకో బండి పంపుతారట. దిగే చోటు నిర్ణయించారట. ఎప్పుడో నది వచ్చి చెరువులో కలిసిన చోటు. అక్కణ్ణించి బండి ఎటు నడవాలో చుక్కల గీత కూడా వేశారు. దిగడానికి ఇంకా చాలా కాలం ఉంది. అద్దాలు పెట్టుకుని ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశాను. నాకు తప్పేమీ కనిపించలేదు. తప్పు పట్టడానికి ఎదుట ఎవరూ లేకపోతే పేపరు చదవడం కూడా విసుగ్గానే ఉంటుంది. మడిచి, మంచం కింద పెట్టాను.

వచ్చే సంబరానికి గీత ఆయన మేనల్లుడు గీస్తాడని కమిటీవాళ్లు చెప్పుకుంటున్నారు. విశాఖపట్నంలో పనిచేసే అబ్బాయి. మా సందు ఎక్కడుందో కూడా తెలియదు.

నాకు ఈ వానల నుంచి మోకాళ్లు పూర్తిగా పోయాయి. సభకి కూడా ఆటోలో తీసుకెళ్లి కూర్చోబెట్టారు. మూల దాకా నడవలేను. ఈ సంగతి మాస్టారికి కబురు చేయకూడదనీ, నేనే చెప్పాలనీ అనుకున్నాను. ఎండలు ముదిరాక, గంపకి పేడ అలుకుతున్నప్పుడు పిలిపించి, బతిమాలకుండా, దబాయించి చెప్పాలని. ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను. వేసవి దాకా ఆగాల్సిన మనిషి చలికాలంలోనే వెళ్లిపోయాడు. ఆయన నాకు చేసిన అన్నింట్లోకీ ఇదే పెద్ద అన్యాయం.